తెలిసినంత మాత్రాన మారతారా? నందికొండ చుట్టూ పర్యావరణ విద్య

తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు మూడో తరగతిలో ‘మనం-మన పరిసరాలు’ చేతికొస్తుంది. ఉన్నత పాఠశాలకు వెళ్లాక పర్యావరణ విద్య పుస్తకం, ఇంటర్ మొదటి సంవత్సరంలో పర్యావరణ విద్య పరీక్ష, డిగ్రీలో మళ్లీ అదే విషయం మీద ఒక పేపరు ఉంటాయి. ఇంటర్ పరీక్ష పాసైతే చాలు, ఆ మార్కులు మొత్తంలో కలవవు. ఇన్నేళ్లు చదివాక చెట్టు దగ్గర, చెరువు దగ్గర, అడవిలో మన నడవడిక మారుతోందా? మారితే అది పాఠం చలవా, చట్టం భయమా, బతుకు అవసరమా? మూడు దశాబ్దాలుగా విద్యావేత్తలు, అధికారులు, ఉద్యమకారులు ఈ ప్రశ్నకు తలో జవాబు చెబుతున్నారు. ఒకరి జవాబు ఇంకొకరి చెవికి ఎక్కడం లేదు.

ఆ జవాబులను పరీక్షించి చూడటానికి నందికొండ పరిసరాల కన్నా మంచి చోటు దొరకడం కష్టం. ఇక్కడ నాగార్జునసాగర్ నీళ్లున్నాయి, నల్లమల అడవి ఉంది. కొంచెం పైకి వెళితే దేవరకొండ, మునుగోడు, మర్రిగూడల మెట్ట నేలలు వస్తాయి, పడమటికి పాలమూరు (మహబూబ్‌నగర్). ఫ్లోరైడ్, బోర్లు, పులుల అభయారణ్యం, యురేనియం అన్నీ ఈ ఒక్క ఆవరణలోనే ఎదురవుతాయి.

తీర్పు తెచ్చిన పుస్తకం

1972లో స్టాక్‌హోమ్ సదస్సు పర్యావరణాన్ని ప్రపంచ చర్చగా మార్చింది. 1977లో అప్పటి సోవియట్ జార్జియాలోని టిబిలిసీలో జరిగిన సమావేశం పర్యావరణ విద్యకు ఐదు లక్ష్యాలు పెట్టింది: స్పృహ, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాల్గొనడం. మన దేశంలో 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ప్రకృతి రక్షణను పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. 1986 జాతీయ విద్యా విధానం పర్యావరణ స్పృహను అన్ని దశల్లోనూ కోరింది. అసలు మలుపు 1991 నవంబరు 22న వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడుల్లో, కళాశాలల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలంది. సినిమా హాళ్లలో స్లైడ్లు వేయాలని, రేడియో, దూరదర్శన్‌లలో కార్యక్రమాలు ఇవ్వాలని కూడా ఆదేశించింది. అమలు నత్తనడకన సాగడంతో 2003 డిసెంబరులో కోర్టు మళ్లీ కల్పించుకోవలసి వచ్చింది. ఈలోగా 2001-02లో జాతీయ హరిత దళం మొదలై, బడి బడికీ ఎకో క్లబ్బులు వచ్చాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ చేతిపని చుట్టూ, పరిసరాల చుట్టూ చదువును అల్లమంది. పని చేస్తూ నేర్చుకోవాలన్న ఆ ఆలోచనను వదిలేసిన దేశం, యాభై ఏళ్ల తర్వాత కోర్టు ఆదేశంతో పరిసరాలను మరో పుస్తకంగా తెచ్చుకుంది. టిబిలిసీ చెప్పిన ఐదు లక్ష్యాల్లో మొదటి రెండు ప్రశ్నపత్రంలో ఇమిడాయి. చివరి రెండూ ఇమడలేదు.

ఆనకట్ట నేర్పిన పాఠం

పుస్తకాల కన్నా ముందే ఈ ప్రాంతానికి ప్రకృతి పాఠం చెప్పింది కృష్ణ మీద కట్టిన నాగార్జునసాగర్ ఆనకట్ట. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. నది అంటే ఆపదగ్గ నీరు, సముద్రంలో కలిసేదంతా వృథా అన్న భావం రెండు తరాల మనసుల్లో నాటుకుపోయింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఎడమ కాల్వ కింద వరి పచ్చబడింది. ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు ప్రాంతాలు ఎండుతూనే ఉండిపోయాయి. కృష్ణను కళ్లారా చూసిన జిల్లాలోనే పై ఊళ్లవాళ్లు బోరు నీళ్లు తాగారు. ఎవరూ పాఠంగా చెప్పకపోయినా జనం నేర్చుకునేవాటిని విద్యావేత్తలు కనిపించని పాఠ్యక్రమం అంటారు. ఈ చర్చల్లో దాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు తక్కువ.

లెక్కలు ఏమంటున్నాయి

‘తెలిస్తే ఇష్టపడతారు, ఇష్టపడితే మారతారు’ అన్నది మొదటి తరం పర్యావరణ విద్యకు పునాది. 1987లో హైన్స్, హంగర్‌ఫర్డ్, టోమెరా 128 అధ్యయనాలను కలిపి చూశారు. జ్ఞానానికీ నడవడికకూ ఉన్న సహసంబంధం సుమారు 0.30, వైఖరికి 0.35, చేస్తానన్న మాటకు 0.49 అని తేలింది. బంధం ఉంది కానీ బలహీనం. 2002లో కోల్మస్, ఆగ్యెమాన్ ఈ ఎడం మీదే ప్రసిద్ధమైన సమీక్ష రాశారు. చదువు, డబ్బు, సౌకర్యం, అలవాటు, చుట్టుపక్కలవారి ఒత్తిడి అన్నీ మధ్యలో అడ్డం పడతాయన్నారు. 2007లో బాంబర్గ్, మోజర్ లెక్క ప్రకారం నడవడికలోని తేడాల్లో సుమారు 27 శాతాన్నే మనిషి ఉద్దేశం వివరించగలదు.

ఆశ పెంచే లెక్కలూ లేకపోలేదు. పిల్లల పర్యావరణ విద్యపై 2022లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ 169 అధ్యయనాలను జల్లెడ పట్టింది. పాఠాల వల్ల జ్ఞానం బాగా పెరుగుతుందని, వైఖరి, నడవడిక కూడా కొంత మేర మారతాయని తేల్చింది. నడవడికపై ప్రభావం జ్ఞానంపై ఉన్నదాంట్లో సగం కూడా లేదు. అయినా సున్నా కాదు. పిల్లల నుంచి పెద్దలకు పాకే చదువు గురించీ ఆధారాలున్నాయి. సీషెల్స్‌లో వన్యప్రాణి క్లబ్బుల పిల్లల వల్ల ఇంట్లో నీటి వాడకం మారిందని 2013లో, అమెరికాలోని నార్త్ కరోలినాలో పిల్లల వల్ల తల్లిదండ్రుల్లో వాతావరణ ఆందోళన పెరిగిందని 2019లో పరిశోధకులు రాశారు.

ఈ అంకెలను నెత్తిన పెట్టుకునే ముందు రెండు సంగతులు గమనించాలి. చాలా అధ్యయనాల్లో నడవడిక అంటే ప్రశ్నావళిలో తమ గురించి తాము చెప్పుకున్నదే. పైగా ఎక్కువ భాగం అధ్యయనాలు సంపన్న దేశాల బడుల్లో జరిగాయి. బస్సెక్కాలా కారెక్కాలా అన్న ఎంపిక వేరు, ఎండిపోతున్న బత్తాయి తోటకు ఇంకో బోరు వేయాలా వద్దా అన్నది వేరు.

తెలిసీ తాగిన నీళ్లు

సమాచారం సరిపోతుందన్న వాదానికి నల్లగొండ ఫ్లోరైడ్ గట్టి దెబ్బ. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతంలో. నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’ ప్రపంచ గ్రంథాల్లోకి ఎక్కింది. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనిచ్చి, పై నీటిని వడకట్టుకోవాలి. పుస్తకంలో సులువుగానే ఉంటుంది. కానీ పటిక ఎంత వేయాలన్నది ఆ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్న దాన్నిబట్టి మారుతుంది. అడుగున పేరుకున్న బురద ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పరు. పొద్దుగూకేదాకా కూలికెళ్లి వచ్చిన ఇల్లాలు రోజూ ఈ పని చేయాలి. టెక్నిక్ పేరు ఊరూరా తెలిసింది కానీ వంటింట్లో నిలబడలేదు. తప్పు ఇల్లాలి అవగాహనది కాదు, ఆమె ముందు ఇంకో బిందె లేకపోవడానిది.

తర్వాత జరిగింది వేరే రకం చదువు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఆ ఏడాదే ఎన్నికల ధరావతును భారీగా పెంచడానికి ఇదీ ఒక కారణం. జిల్లా ఎముకల్లో ఏముందో దేశానికి ఆ ఒక్క బ్యాలెట్ చెప్పినంతగా ఏ కరపత్రమూ చెప్పలేదు. చివరికి తాగునీరు మారింది కృష్ణా జలాలు పైపుల్లో పైకెక్కినప్పుడే, అంటే అక్కంపల్లి జలాశయం, ఆ తర్వాత మిషన్ భగీరథ వచ్చాకే. అక్కడితోనూ కథ ముగియలేదు. నల్లా నీళ్లు వచ్చిన ఊళ్లలోనూ ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాన్లు కొంటూనే ఉన్నారు. ఒకప్పుడు నీళ్లంటే భయపడాలని నేర్పారు, నమ్మాలని నేర్పే పాఠం ఇంకా రాలేదు.

బోరు దగ్గర బడి

ఈ చర్చ మొత్తంలో ఎక్కువసేపు ఆగాల్సిన ఘట్టం ఇది. ఎందుకంటే ఇక్కడ చదువు నిజంగానే నడవడికను కదిలించింది. ఎంత దూరం కదిలించిందన్నదే తగువు.

1995 నుంచి 2003 దాకా నెదర్లాండ్స్ సాయంతో నడిచిన ఏపీవెల్ పథకం చిన్న రైతులకు బోర్లు వేయించింది. దాని వెనకే రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం వచ్చింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అన్న పొట్టి పేరుతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) అండతో, ఏడు కరువు జిల్లాల్లో 638 ఆవాసాల్లో అది నడిచింది. అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఆ పథకం ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు, ఎవరి మోటారూ ఆపలేదు. కొలవడం మాత్రం నేర్పింది.

కొలత ఇలా ఉండేది. చివర లోహపు మొన ఉన్న టేపును పరిశీలన బోరులోకి దింపుతారు. నీటిని తాకగానే బీప్‌మంటుంది. ఆ లోతు రిజిస్టరులో రాస్తారు. ఎంత నీరు పోస్తోందో తెలియాలంటే మోటారు వేసి, డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో చూస్తారు. వాన కొలతనూ ఊరివాళ్లే తీస్తారు. ఈ లెక్కలన్నీ ఊరి గోడ మీద బోర్డుగా రాస్తారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని ఈ వానకు భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, అందరూ అనుకున్నట్టే వేస్తే ఎంత లోటు పడుతుంది అని లెక్క కడతారు. లెక్క తేలాక ఏ పంట వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ పథకాన్ని మెచ్చుకుంది. మూడేళ్లలో 42 శాతం పరీవాహక యూనిట్లలో యాసంగి తోడకం వరసగా తగ్గిందని, 51 శాతంలో అప్పుడప్పుడూ తగ్గిందని, 7 శాతంలోనే పెరిగిందని రాసింది. రైతు త్యాగబుద్ధితో తగ్గించలేదని, వరి వేస్తే తన పంటే ఎండుతుందని లెక్కలో చూసి ఆరుతడి పంటలకు మళ్లాడని కూడా ఆ నివేదికే చెప్పింది. పర్యావరణ విద్య గురించి ఇంత నిజాయితీగా చెప్పిన మాటలు అరుదు.

ఎదురు వాదన 2012లో వచ్చింది. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ (ఐడబ్ల్యూఎంఐ), టాటాల ఉమ్మడి కార్యక్రమం తరఫున జరిగిన పరిశీలన ఈ విజయగాథను నేల మీద నిలబెట్టి చూడాలంది, ఫలితాల మన్నికను ప్రశ్నించింది. 2014లో మరో అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లోని మూడు భాగస్వామ్య పద్ధతులను పోల్చింది. లెక్కలు నేర్పడం అవసరమే కానీ చాలదని, బోరున్న రైతు లేని రైతుతో నీళ్లు పంచుకునేలా ఊరు కట్టుబాటు పెట్టుకున్న చోట న్యాయం, నిలకడ రెండూ మెరుగని తేల్చింది.

ఈ తగువులో రెండు పక్షాలూ కొంత నిజమే చెబుతున్నాయి. ఈ కొలతల రైతుబడి నడుస్తుండగానే 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. అప్పుడే ప్రభుత్వం కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలింది, లేకుంటే నీళ్లు అడుగంటుతాయంది. ఆటో స్టార్టర్ పెట్టుకోవడానికి కారణం అజ్ఞానం కాదు. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు పొలానికి వెళ్లి పాము కరిచి, షాకు తగిలి చనిపోయినవారి జ్ఞాపకం అది. కరెంటు ఒక పాఠం చెబుతుంటే రైతుబడి ఇంకో పాఠం చెప్పింది. అలాంటి చోట పాఠం ఓడిందనడం కన్నా విధానం గెలిచిందనడం సబబు.

అడవి అంచున

బాల్యంలో ప్రకృతితో గడిపినవారే పెద్దయ్యాక దాన్ని కాపాడతారన్నది మరో ప్రసిద్ధ వాదం. 1980లో థామస్ టానర్ మొదలుపెట్టగా, లూయిస్ చావ్లా 1990లలో ముందుకు తీసుకెళ్లారు. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో తన 70 ఎకరాలను అడవిగా పెంచిన దుశర్ల సత్యనారాయణ లాంటివారిని చూస్తే నిజమే అనిపిస్తుంది. అయితే ప్రకృతి ప్రేమికుల బాల్యాన్నే తవ్వి చూసే ఈ పద్ధతిలో, అలాంటి బాల్యమే గడిపినా ప్రేమికులు కానివారు లెక్కకు రారు.

ప్రేమ ఉన్నా నడవడిక బాగుండాలని లేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని ప్రేమించని పాలమూరువాసి ఉండడు. వందల ఏళ్ల ఆ మర్రిని చూడటానికొచ్చినవాళ్లు కొమ్మలెక్కి ఊగారు, బెరడు మీద పేర్లు చెక్కారు. చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ కూలాక 2017 డిసెంబరులో సందర్శన ఆపేశారు. 2018లో ఆస్పత్రి సెలైన్ సీసాల్లా మందు సీసాలు వేలాడదీసి చెట్టుకు చుక్క చుక్కగా ఎక్కించారు. జనం అభిమానం చాలలేదు, కంచె అవసరమైంది.

నల్లమలలో ప్రశ్న తలకిందులవుతుంది. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో బతికే చెంచులకు అడవి గురించి ఎవరు చెప్పాలి? కొండ చరియలకు వేలాడే తేనెపట్టును తీయడానికి చెంచు తాడు పట్టుకుని దిగితే, పైన తాడు పట్టేది బావమరిదేనని చెబుతారు. చెల్లెలి పసుపుకుంకుమల మీద మమకారం ఉన్నవాడు తాడు వదలడన్న లెక్క అది. ఇలాంటి చదువుకు పరీక్ష ఉండదు. ఆ పిల్లలను ఆశ్రమ పాఠశాలకు పంపి, అక్కడ అడవుల ప్రాముఖ్యత మీద వ్యాసం రాయిస్తాం. ఇటు హైదరాబాద్-శ్రీశైలం రహదారి మీద కార్లలో వెళ్లే చదువుకున్నవాళ్లు పారేసే సీసాల వల్ల 2024 జూలై 1 నుంచి అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించాల్సి వచ్చింది. డిగ్రీలో పర్యావరణ పేపరు పాసైనవారు ఆ కార్లలో ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

ఉద్యమమే బడి అనేవారికి యురేనియం గట్టి ఉదాహరణ. సాగర్ ఒడ్డునే ఉన్న లంబాపూర్, పెద్దగట్టుల్లో గనులకు 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తండాలవాళ్లు రేడియోధార్మికత అన్న మాట మొదటిసారి విన్నది బడిలో కాదు, ఆ ఉద్యమ సభల్లో. 2019లో అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పుడు చెంచు పెంటల నుంచి సినిమా నటుల దాకా గొంతు కలిపారు. సెప్టెంబరు 16న శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అయితే ఉద్యమం నేర్పేది ముప్పు గురించి. ముప్పు తప్పాక రోజువారీ నడవడికను ఉద్యమాలు ఎంతకాలం పట్టి ఉంచుతాయన్నది వేరే సంగతి.

నాలుగు వాదాలు పక్కపక్కన

సమాచార వాదం చవక. బడుల వ్యవస్థ సిద్ధంగా ఉంది కాబట్టి అందరికీ చేరుతుంది, కానీ దాని పట్టు జ్ఞానం దగ్గరే సడలుతుంది. అనుభవ వాదం లోతుగా పనిచేస్తుంది. బస్సులు, తోటలు, తీరిక ఉన్న టీచర్లు కావాలి కాబట్టి కొద్దిమందికే అందుతుంది. ఉద్యమ వాదం వేగంగా చేరుతుంది, ప్రభుత్వాల నిర్ణయాలను మార్చగలదు, ఇంటి అలవాట్లను అంతగా తాకదు.

నాలుగోది చట్టం, ప్రోత్సాహకాల వాదం. మనిషి మనసు మారేదాకా ఆగకుండా ముందు పరిస్థితిని మార్చమంటుంది. 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి, కార్యదర్శుల నెత్తిన పెట్టింది. పదవి పోతుందన్న భయంతో ట్యాంకరు నీళ్లు కట్టిన ఊళ్లు ఎన్నో. మొక్క బతికింది కాబట్టి చట్టం గెలిచినట్టే. ట్యాంకరు ఆగిన రోజు నీళ్లు పోసేదెవరన్నది మాత్రం చట్టంలో లేదు.

నాలుగింటినీ తూచి చూస్తే బరువు ఒక వైపు మొగ్గుతుంది. పాఠం స్థానికమైనప్పుడు, కొలిచేది నేర్చుకునేవాడే అయినప్పుడు, చేతిలో మరో దారి ఉన్నప్పుడు, నలుగురూ కలిసి ఒక కట్టుబాటుకు వచ్చినప్పుడు నడవడిక మారింది. ఈ నాలుగూ ఒకచోట కలిసిన సందర్భాలు ఈ నేల మీద అరుదు. బోరు బడిలో మొదటి రెండూ ఉన్నాయి, చివరిది లేదు. ఫ్లోరైడ్ కథలో మూడోది చాలా ఆలస్యంగా వచ్చింది. బడి పుస్తకంలో ఒక్కటీ లేదు.

ఇంకా తేలనివి

బడిలో ఎకో క్లబ్బులో ఉన్న పిల్లలు ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉన్నారన్నది మన రాష్ట్రంలో పట్టించుకోదగ్గ ప్రశ్న. 2001-02లో హరిత దళంలో చేరినవాళ్లు ఇప్పుడు సర్పంచులు, టీచర్లు, రైతులు అయ్యే వయసులో ఉన్నారు. పిల్లలు చెబితే తల్లిదండ్రులు వింటారన్న సిద్ధాంతం, పై చదువు చదవని తల్లి, పొలం మీద అప్పున్న తండ్రి ఉన్న ఇంట్లో పనిచేస్తుందా? ఆటల ద్వారా భూగర్భ జలాల లెక్క నేర్పే ప్రయోగాలు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో జరిగాయి. ఆట ముగిశాక మోటారు దగ్గర ఏం జరుగుతుందన్నదే అక్కడా అసలు పరీక్ష. చెంచుల జ్ఞానాన్ని పాఠ్యాంశంగా రాస్తే బతుకుతుందా, పేజీలోకి ఎక్కగానే చచ్చిపోతుందా అన్నదానిపై విద్యావేత్తలకూ మానవ శాస్త్రవేత్తలకూ ఇంకా రాజీ కుదరలేదు.

ఇంటర్‌లో పర్యావరణ పరీక్ష మార్కులు కలపాలా వద్దా అన్న చర్చ ఏటా వస్తుంది. అంతకన్నా చిన్న పని ఒకటి ముందే చేయవచ్చు. రాష్ట్ర భూగర్భ జల శాఖ ప్రతి నెలా పీజోమీటర్ల (నీటిమట్టం కొలిచే బోర్ల) లెక్కలు ప్రకటిస్తుంది. నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రతి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకూ ఒక టేపు, ఒక రిజిస్టరు ఇచ్చి, ఊరి బోరు లోతును తొమ్మిదో తరగతి పిల్లలతో కొలిపించి, గ్రామసభలో వాళ్లతోనే చదివించాలి. విద్యాశాఖ, భూగర్భ జల శాఖ కలిసి వచ్చే యాసంగికి ముందే ఒక మండలంలోనైనా దీన్ని మొదలుపెట్టాలి.